పొమ్మనలేక

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున రుక్మిణి కూతురు హోసూరులో మా ఇంటికి వచ్చింది. తలుపు తీసి ఎవరో అనుకున్నాను. "నేను కృష్ణగిరి రుక్మిణి బిడ్డను, నిత్యను, పెద్దమ్మా. అమ్మ మీ దగ్గరికి పోయి అడగమనింది" అంది. ఆ పేరు నా గడపలో వినబడి ఇరవై ఏళ్ళ పైమాటే. లోపలికి రమ్మని కాఫీ కలిపాను. ఆ పిల్ల ముఖంలో తల్లి పోలిక లేదు గానీ, వేడి కాఫీని మూడుసార్లు ఊది ఒక్క గుక్క తాగడం మాత్రం అచ్చం తల్లిదే.

సంగతేమిటంటే నిత్యకు ఇంగ్లండులో ఒక బిజినెస్ స్కూల్లో సీటు వచ్చింది. నేను చదివిన స్కూలే. క్యాంపస్ లోపల గది తీసుకోవాలా, బయట ఇల్లు చూసుకోవాలా అని అడగడానికి వచ్చింది. ఫోన్లో ఫోటోలు చూపించింది. అదే ఎర్ర ఇటుకల బిల్డింగు, అవే సన్నటి కిటికీలు. ఇప్పుడు ప్రతి గదికీ బాత్రూము ఉందట, వంటింట్లో గోడంత టీవీ ఉందట. తర్వాత రూల్సు చదువుతూ పోయింది. "గెస్టులు మూడు రాత్రులకు మించి ఉండకూడదంట పెద్దమ్మా. మీ కాలంలో గూడా ఉండెనా ఇది?" అని అడిగింది. ఉండేదన్నాను. "మరి మా అమ్మ మీ రూములోనే ఉండిందంట గదా. ఎట్ల మేనేజ్ చేస్తిరి?" నీళ్ళు తెస్తానని లేచి వంటింట్లోకి పోయాను. గ్లాసు అందిస్తూ, లోపలే గది తీసుకోమని మాత్రం చెప్పాను. ఆ పిల్లకు ఆ రోజు చెప్పని జవాబే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉద్దనపల్లి పక్కన పల్లె. రాగి, చెనిక్కాయ, టమోటా పండించే ఇల్లు. మా ఇంట్లో మాట్లాడే తీరు మా అవ్వ పెట్టింది. వచ్చినవాళ్ళను పొమ్మనకూడదు. సంగటి పెట్టిన చేత్తో వాకిలి చూపిస్తే ఆ చేతికి మళ్ళీ గింజ పుట్టదనేది. రాయకోట నుంచి సుబ్బన్న మామ అని ఒకాయన చెనిక్కాయలు పెరికే రోజుల్లో వారానికని వచ్చి రెండు నెలలు ఉండేవాడు. రోజూ సాయంత్రం పంచె దులుపుకుని "ఇంగ పోతానత్తా" అనేవాడు. "యాడికి పోతావప్పా, ఉండు. నీ ఇల్లు గాదా ఇది" అనేది అవ్వ. అని లోపలికి వచ్చి ఆయన సంగటి మీద నెయ్యి తగ్గించేది. నాలుగో రోజుకు పులుసు మాయమై ఊరిబిండి పచ్చడి ఒక్కటే మిగిలేది. ఆ తర్వాత ఆయనకు వినబడేలా మమ్మల్ని పిలిచి, "రాయకోట బస్సు ఎన్ని గంటలకే?" అని అడిగేది. ఆయన మంచం మీదనుంచే "తొమ్మిదిన్నరకత్తా" అని చెప్పి అటువైపు తిరిగి పడుకునేవాడు. ఇంకో రెండు రోజులుండి పోయేవాడు. ఎవరికీ మనసు నొచ్చేది కాదు. పొమ్మనలేక పొగబెట్టడమని లోకం ఎగతాళిగా అనేది మా ఇంట్లో మర్యాద. ఉండు అన్న మాటలో నిజం ఎంతో వినేవాడే కనుక్కోవాలి. నేను ఆ ఇంట్లో పెరిగాను.

రుక్మిణి వాళ్ళది కృష్ణగిరి పాతపేటలో పప్పులు, బెల్లం, చింతపండు అమ్మే కొట్టు. ఆమె నాయన గల్లా ముందు కూర్చుని ఒక మాటంటే అదే మాట. మా పక్క పోచంపల్లి సంతకు రెండు మూటలు పంపుతానని నోటితో అంటే వాన కురిసినా వంక పారినా పంపవలసిందే. ఆ ఇంట్లో ఉండమంటే ఉండమనే, వద్దంటే వద్దనే. ఈ తేడా నాకు అప్పుడు తెలియదు. ఇద్దరం ఒకే యాసలో మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒకే ఇంటివాళ్ళం అనుకున్నాను.

ఇంగ్లండులో ఆ వూరు చేరిన మొదటి వారం విదేశీ విద్యార్థులకని ఒక సభ పెట్టారు. గోడకు ప్రపంచపటం, పక్కన గుండుసూదుల డబ్బా. ఎవరి ఊరి మీద వాళ్ళు సూది గుచ్చాలి. నేను హోసూరు వెతుక్కుని గుచ్చబోతే అక్కడ అప్పటికే ఒక సూది ఉంది. దాని తల హోసూరునూ కృష్ణగిరినీ కలిపి కప్పేసింది. "అది నాది" అని వెనకనుంచి ఇంగ్లీషులో ఒక గొంతు. చూస్తే బిగించి అల్లిన జడ, స్వెట్టరు మీద స్వెట్టరు. నేను ఊరు చెప్పగానే "అయ్యో, మన పక్కేనా అక్కా" అని నా రెండు చేతులూ పట్టుకుంది. రెండేళ్ళు చిన్నది నాకంటే. ఆ క్షణం నుంచి అక్కననే పిలిచింది.

నాకు క్యాంపస్ లోపల గది దొరికింది. ఆమె నాయన ఒప్పుకునేసరికి గదులు అయిపోయాయి. ఆమె నది అవతల ఒక ముసలామె ఇంటి నేలమాళిగలో చేరింది. పెళ్ళి కావలసిన పిల్లను ఒంటరిగా అంత దూరం పంపుతావా అని పేటంతా ఆయనను నిలదీసిందట. ఒక్క ఏడాది, పట్టా తెచ్చుకుని వచ్చి కొట్టు నేనే నడుపుతాను, సరుకు బెంగుళూరుకు తిన్నగా పంపుతాను అని చెప్పి ఆయనను ఒప్పించుకుంది. ఆ పట్టా ఒక్కటే ఆమె కోరిందల్లా. దానికి అడ్డం పడింది ఆ వూరి చలి కాదు, ఆ చదువు కాదు. నేను.

మా కారిడారులో ఆరు గదులు, ఒక వంటిల్లు. ఫ్రిజ్జులో ఒక్కొక్కరికి ఒక అర, దాని మీద పేరు రాసిన కాగితం. తడిసిన ఉన్ని కోట్లు, మాడిన బ్రెడ్డు, నేల కడిగే మందు కలిసిన వాసన అక్కడ ఎప్పుడూ ఉండేది. మిగతా ఐదుగురూ బల్ల చుట్టూ కూర్చుని నవ్వుకుంటుంటే నేను పళ్ళెం పట్టుకుని నా గదికి పోయి తలుపు వేసుకునేదాన్ని. వాళ్ళు నన్ను వెళ్ళగొట్టలేదు, రమ్మనీ అనలేదు. రమ్మంటే పోదామని మూడు నెలలు కాచుకున్నాను. పిలవని పేరంటానికి పోకూడదని మా ఇంట్లో నేర్పారు గదా. ఆ దేశంలో పిలుపులు ఉండవనీ, కుర్చీ లాక్కుని కూర్చోవడమేననీ నాకు ఎవరూ చెప్పలేదు.

డిసెంబరులో నది అవతల ఆ నేలమాళిగలో నీళ్ళ పైపు పగిలింది. రుక్మిణి తడిసిన పెట్టెతో నా గదికి వచ్చింది. "నాలుగు దినాలక్కా. ఆమె రిపేరు చేపిస్తాననింది" అంది. మంచం నాకు, పరుపు మీద పరిచే మందపాటి దుప్పటి నేల మీద ఆమెకు. మొదటి నాలుగు రోజులూ పండగే. తెల్లారి లేచి తలకు నూనె పెట్టుకునేది, కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో వేలితో ముగ్గు వేసేది. ఇంటి నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి గెలికితే ఆ వాసనకు నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. రిపేరు మాత్రం కాలేదు. ముసలామె ఆ నేలమాళిగను మూసేసి కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది.

రెండో వారంలో రుక్మిణి ఎండు అనపగింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున గిన్నె పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పితికిపప్పు చేయాలంటే గింజలను ఒక్కొక్కటిగా వేళ్ళ మధ్య నొక్కి తోలు తీయాలి, కిలో గింజలకు ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. ఆమె ఎవరినీ అడగలేదు. చివరి గదిలో ఉండే మోరా అనే ఐర్లండు అమ్మాయి టీ పెట్టుకోవడానికి వస్తే ఆమె ముందుకు పిడికెడు గింజలు తోసింది, అంతే. మోరా నొక్కితే పప్పు ఎగిరి గోడకు తగిలింది. ఆ నవ్వుకు మిగతా నలుగురూ వచ్చారు. నేను గది తలుపు తీసి చూసేసరికి అందరూ బల్ల చుట్టూ కూర్చుని పితుకుతున్నారు. మధ్యాహ్నం పులుసు అందరికీ చాలింది. మరునాటి నుంచి ఆ వంటింట్లో వినబడింది రుక్మిణి పేరే. మూడు నెలలు నాతో వాతావరణం గురించి తప్ప మాట్లాడనివాళ్ళు నా తలుపు తట్టి "ఆమె ఉందా?" అని అడిగేవారు.

ఇక్కడ నిజం రాయకపోతే ఈ రాత దండగ. గది ఇరుకని, చదువు సాగడం లేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. గది ఇరుకే. కానీ మా ఊళ్ళో ఒక గదిలో ఐదుగురం పడుకుని పరీక్షలు రాసినదాన్ని నేను. నాకు కడుపుమంట. నా గదిలో, నా దయ మీద ఉన్న పిల్ల నాకు దొరకని కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. అది నేను ఓర్వలేకపోయాను.

ప్రతి ఆదివారం ఆమె అడిగేది. "అక్కా, నీకు ఇరుకవుతా ఉండాది. నేను వేరే యాడన్నా చూసుకుంటా."

"ఏం ఇరుకు? యాడికి పోతావు ఈ చలిలో. ఉండు రుక్కూ" అనేదాన్ని.

అవ్వ గొంతే నా నోట్లోంచి వచ్చేది. సుబ్బన్న మామ అయితే ఆ 'ఉండు'ను తూకం వేసి చూసేవాడు. రుక్మిణి "సరే అక్కా" అని పెట్టెను మంచం కిందికి ఇంకాస్త తోసేది. నెయ్యి తగ్గించినట్టు నేను వంట మానేశాను. "నువ్వు చదువుకో అక్కా, నేను చేస్తాలే" అని ఇద్దరికీ తనే వండింది. నది అవతలికి బస్సు ఎన్నింటికి అని అడిగాను. "ఆదివారం లేదక్కా. ఏంటికి, నువ్వు యాడికన్నా పోవల్లనా?" అంది. అవ్వ దగ్గర నేర్చిన విద్య మొత్తం అయిపోయింది, ఆమె మాత్రం కదలలేదు.

ఐదు వారాలు దాటాక ఒక రోజు క్లాసు మానేసి హౌసింగ్ ఆఫీసుకు పోయాను. అక్కడ కళ్ళద్దాల తాడు మెడలో వేసుకున్న ఒకామె కూర్చునేది. "ఫిర్యాదు చేయడానికి రాలేదు, రూలు తెలుసుకుందామని వచ్చాను" అన్నాను. గెస్టుకు మూడు రాత్రులన్నది నిజమేనా, ఎవరైనా ఐదు వారాలు ఉంటే ఏమవుతుంది అని అడిగాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, "నీకు ఇబ్బందిగా ఉంటే నీ స్నేహితురాలికి నువ్వే చెప్పవచ్చు గదా" అంది. "అది మా ఆచారం కాదు" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. ఆమె నన్నడిగి నా గది నంబరు, రుక్మిణి పేరు రాసుకుంది. బయటికి వచ్చాక కాళ్ళు తేలికగా అనిపించాయి. పొమ్మన్నది నేను కాదు, ఆఫీసు. నా చేతికి గింజ పుట్టకుండా పోదు.

రెండు రోజులకు ఆఫీసువాళ్ళు రుక్మిణిని పిలిచి వారంలోగా ఖాళీ చేయమన్నారు. ఆమె వచ్చి గదిలో నేల మీద కూర్చుంది, నా ముఖంలోకి చూడలేదు. "రూలంటక్కా" అంది. "అయ్యో, ఎవరు చెప్పినారో ఏమో" అన్నాను. అంత మాట అనగలిగిన నోరు నాది.

అంతటితో పోయుంటే ఏదో ఒక గది వెతుక్కుని ఆమె చదువు పూర్తి చేసేది. కానీ ఆ నోటీసును జాబుగా కూడా పంపారు. ఆమె పాత చిరునామా మూతబడింది కాబట్టి ఫైల్లో ఉన్న శాశ్వత చిరునామాకు, కృష్ణగిరి పాతపేటకు పంపారు. ఆ కొట్లో ఇంగ్లీషు జాబు చదివినవాడు వీధి చివర ఉండే వకీలు. మీ కుమార్తె అనుమతి లేకుండా మరొక విద్యార్థి గదిలో నివసిస్తున్నారు అని ఉంది. ఆ విద్యార్థి ఎవరని లేదు. లేని పేరును పేటవాళ్ళు వాళ్ళకు తోచినట్టు పూరించుకున్నారు. మూడు వారాలకు స్కూలు ఆఫీసుకు ఫోను వచ్చింది, వెంటనే ఇంటికి రమ్మని.

నేను ఆ నాయనకు ఒక్క ఫోను చేసుంటే సరిపోయేది. అది నా గదేనప్పా, మీ బిడ్డ నా దగ్గరే ఉండింది అంటే చాలు. చిల్లర నాణేలు జేబులో వేసుకుని ఫోను బూత్ దాకా పోయాను కూడా. మరి ఆఫీసువాళ్ళకు ఎట్లా తెలిసిందమ్మా అని ఆయన అడిగితే ఏమి చెప్పాలో తోచక వెనక్కి వచ్చాను. మార్చిలో, ఇంకో టర్ము మిగిలి ఉండగా, రుక్మిణి వెళ్ళిపోయింది. ఆమె ఎక్కిన బస్సు కదిలేదాకా ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను ఓదార్చారు.

పట్టా నాకు వచ్చింది. ఆ పట్టాతోనే బెంగుళూరు కాలేజీల్లో పాతికేళ్ళు పాఠాలు చెప్పాను. చెప్పింది ఏమిటంటే, కష్టమైన మాటను ఎదుటి మనిషికి ముఖాముఖి ఎలా చెప్పాలి అని. ఉద్యోగంలోంచి తీసేసే మాట ఎలా చెప్పాలో పిల్లలను ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి అభ్యాసం చేయించేదాన్ని. మంచి టీచరని పేరు. ఇప్పుడు హోసూరులో మా అపార్టుమెంటు కింది రెండంతస్తులూ ఫ్యాక్టరీ అమ్మాయిల హాస్టలు. బయటివారికి ప్రవేశం లేదని తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో గేటుకు బోర్డు వేలాడుతుంది. మా కాలంలో గేటుకు బోర్డులు లేవు, వచ్చినవాళ్ళకు సంగటి ఉండేది అని నేనే పదిమంది ముందు గొప్పలు పోయాను. ఇప్పుడు ఆ బోర్డు దాటేటప్పుడు అది నాకంటే నయమనిపిస్తుంది. చెప్పేది ముందే చెప్తుంది.

నిత్య వచ్చి వెళ్ళిన తర్వాత వారం ఆగలేక కృష్ణగిరి బస్సెక్కాను. గంటంబావు ప్రయాణం, ఇరవై ఎనిమిదేళ్ళుగా పోలేదు. సూళగిరి దగ్గర ఒకప్పటి టమోటా తోటల్లో ఇప్పుడు రేకుల షెడ్లు, కంటెయినర్ లారీలు. పాతపేటలో కొట్టు మాత్రం అదే. గల్లా దగ్గర రుక్మిణి కూర్చుని ఉంది, జుట్టు సగం నెరిసింది. కొట్టు తమ్ముడి పేరున ఉందట, తను చూసుకుంటుందట. సరుకు బెంగుళూరుకు పంపడం మాట ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించింది. మంచీచెడ్డా మాట్లాడింది. నేను గ్లాసు కింద పెట్టి, బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయి, "రుక్కూ, ఆ ఆఫీసుకు పోయింది నేనే" అన్నాను.

"తెలుసక్కా" అంది. లెక్క రాసుకుంటున్న చేయి ఆగలేదు. "ఆ దినమే తెలుసు. ఆఫీసులో ఆయమ్మే చెప్పింది. నీ ఫ్రెండు నీతో చెప్పలేక మా దగ్గరికి వచ్చింది అని. వాళ్ళకు దాపరికం ఏముండాది."

"మరి నన్ను ఒక్క మాట గూడా అడగలేదే."

"ఏమని అడుగుదు? నువ్వు ఎవరు చెప్పినారో ఏమో అంటివి. ఇంగ అడిగేదానికి ఏముండాది." పుస్తకం మూసి నా వైపు తిరిగింది. "ఒకటి చెప్తా విను. మోరా ఉండె గదా, ఆ చివరి రూము పిల్ల. క్రిస్మసుకు చదువు నిలిపేసి ఇంటికి పోయె. పొయ్యే ముందు, నా రూము నువ్వు తీసుకో, ఆఫీసులో మాట్లాడినాను అని ఫారం నింపి ఇచ్చె. సంతకం పెడితే చాలు. ఆ పొద్దే నిన్ను అడిగితి, వేరే చూసుకుంటా అక్కా అని."

"ఆ పొద్దేనా?" అన్నాను.

"నువ్వు ఉండు రుక్కూ అంటివి. అంత ప్రేమగా అంటా ఉంటే ఆ రూముకు పోతే అక్క బాధపడుతుందని ఆ ఫారం మోరాకు తిరిగిచ్చేస్తి. నువ్వు పో అని ఒక్క మాటనుంటే పది అడుగులు నడిచి ఆ రూములో చేరుందును. అంతేనక్కా జరిగేది."

వీధిలో ఎవరో స్కూటరు ఆపారు. "మరి నిత్యను నా దగ్గరికి ఏంటికి పంపినావు?" అని అడిగాను.

"ఆ వూరు తెలిసినోళ్ళు నాకు వేరే ఎవురుండారు? దాని పని జరగాల గదా. నువ్వు దాంతోనన్నా నోరు తెరిచి చెప్తావా అని గూడా చూస్తి." గ్లాసు తీసి పక్కన పెట్టింది. "లోపలే రూము తీసుకోమన్నావంట. మంచిది, తీసుకుంటుంది. ఇంగ దానికి నువ్వు ఫోను చేయొద్దక్కా. నాకూ వద్దు. కోపం ఎప్పుడో పోయింది. కానీ నువ్వు ఈడికి రావడం నాకు ఇష్టం లేదు. మొకం ముందరే చెప్తా ఉండా."

గొంతు పెంచలేదు. పెసరపప్పు ఏ ధరకు అమ్ముతున్నదీ చెప్పినట్టు చెప్పింది. నేను లేచాను. మెట్టు దగ్గర చెప్పు పట్టీ వేసుకోవడానికి వంగి, అవసరానికి మించి సేపు తీసుకున్నాను. మా వైపు ఎంత తగాదాలో ఉన్నా, లేచి నిలబడిన మనిషితో ఒక్కసారైనా 'భోంచేసి పోదువు ఉండక్కా' అంటారు. స్కూటరు ఆపిన ఆయన లోపలికి వచ్చాడు. రుక్మిణి తక్కెడ ముందుకు జరుపుకుని "ఎంత గావాలప్పా?" అని ఆయనను అడిగింది. నేను మెట్లు దిగాను.